టెంకల పొడి కడిగిన నీళ్ళు

నా పేరుకు ముందు డాక్టర్ అన్న మాట ఎట్లా వచ్చి చేరిందని ఎవరైనా అడిగితే మామిడి టెంకల కథ చెప్తాను. వినేవాళ్ళు నవ్వుతారు. టెంకలేమిటి, పీహెచ్‌డీ ఏమిటి అంటారు. సగం కథే చెప్తాను కాబట్టి నవ్వుతారు. తక్కిన సగం ఇక్కడ రాస్తున్నాను. రాయడం నాకేమీ సరదాగా లేదు.

మా అమ్మ తమ్ముడికి, అంటే మా మామకు, రేణిగుంట దాటాక ఒక రేకుల షెడ్డు ఉండేది. తలుపు పిడులు, కుళాయిలు, దీపపు కుందులు, తిరుపతి అంగళ్ళలో అమ్మే పూజ సామాను అక్కడికి మసకగా వచ్చి తళతళలాడుతూ పోయేవి. నికెల్ కరిగించిన ఆకుపచ్చ నీళ్ళ తొట్టిలో సామాను వేలాడదీసి కరెంటు పెడతారు. పూత పట్టాక తీసి మామూలు నీళ్ళలో జాడిస్తారు. ఆ జాడించిన నీళ్ళ దగ్గరే గొడవంతా. అవి షెడ్డు వెనక సన్నటి కాలవలో పారి పక్క చేను గట్టును తాకేవి.

ఆ చేను, కూతురికి పెళ్ళిచేసి పంపాక ఒంటరిగా ఉంటున్న ఒక ఆడమనిషిది. మామ ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. చామంతి తోట, రెండు ఆవులు, ఒక బోరు, ఆమెకున్నవి అవే. చుట్టుపక్కల బోర్లలో సగం ఉప్పటివి, సగం ఎండిపోయినవి. ఆమెది ఒక్కటే తియ్యటి నీళ్ళ బోరు. షెడ్డులో పనిచేసేవాళ్ళూ, దారిన పోయే గొర్రెల కాపరులూ అక్కడే సీసాలు నింపుకునేవారు. ఆ బోరంటే ఆమెకు ఎంత గర్వమో మామ కాలవంటే అంత కడుపుమంట. నేను మొదటిసారి షెడ్డుకు పోయిన రోజు కూడా గట్టు మీద నిలబడి మామను దులిపేస్తూ ఉంది.

"ఏమబ్బా, నీ పచ్చనీల్లు నా బోర్లోకి దిగినాకనా నువ్వు కండ్లు తెరిసేది? నా నోట్లో మన్ను పడినాకనా?"

"అక్కా, రొంచేపు ఊరుకో. మా పాప సైంటిస్టు. ఈ నీల్లకు మందు కనిపెట్టిండాది" అన్నాడు మామ నన్ను ముందుకు తోసి.

"యాడుండాది సైంటిస్టు? ఈ ఎలకపిల్లా?" అని నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "తిండి తింటా ఉండావా లేదా నువ్వు? రా, మజ్జిగ తాగి కనిపెడుదువు గానీ."

రెండు గ్లాసులు తాగించిన తర్వాతే వదిలింది. గ్లాసు తిరిగిస్తూ నేను మాటిచ్చాను. "మీ బోరుకు ఏమీ కాదు పెద్దమ్మా. నాదీ పూచీ." అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో పూచీ అన్న మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా ఊడిపడుతుందో తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మందు సంగతి చెప్పాలి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీల వెనక జూన్, జూలై నెలల్లో తోతాపురి టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. ఈగలు, పులిసిన కంపు, కాలు పెడితే జారే నేల. అక్కడినుంచి బస్తాల్లో తెచ్చి హాస్టల్ మిద్దెమీద ఆరబెట్టేదాన్ని. పగలగొట్టి, లోపలి జీడి తీసేసి, పైపెంకును గాలి తగలకుండా కాల్చి, కడిగి, జల్లెడ పట్టితే నల్లటి రవ్వ వచ్చేది. లోహం కరిగిన నీళ్ళను ఆ రవ్వ గుండా పంపితే, గడపకు పసుపు పట్టినట్టు లోహం రవ్వ పైపొరకు అంటుకుని నిలిచిపోతుంది. నీళ్ళు తేటగా కిందికి దిగుతాయి. పుస్తకాల్లో దీన్ని అధిశోషణం అంటారు. రవ్వ నిండిపోతే పలుచటి ఆసిడ్‌తో కడగాలి. అంటుకున్న లోహమంతా ఊడి ఆసిడ్‌లోకి వచ్చేస్తుంది. రవ్వ మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. ఒకసారి వాడి పారేసే బొగ్గు కాదు, మళ్ళీ మళ్ళీ వాడే బొగ్గు. నా పరిశోధన గొప్పతనమంతా ఆ మాటలోనే ఉంది.

మా డిపార్ట్‌మెంట్‌లో నాకంటే ముందు ఒకరు వేరుశనగ పొట్టు మీద, ఒకరు చింతగింజల మీద, ఒకరు టీ పిప్పి మీద ఇదే పనిచేసి డాక్టర్లయ్యారు. అందరి థీసిసుల్లోనూ అవే మాటలు. చౌక అంటారు, పర్యావరణానికి మేలు అంటారు, మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు అంటారు. నిజం మురికినీళ్ళు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. డిస్టిల్డ్ వాటర్‌లో చిటికెడు లవణం కలిపి, దానికి మురికినీళ్ళని పేరు పెట్టి, దాన్ని శుభ్రం చేసి ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండేది. నేను అట్లాంటిదాన్ని కాదు, నిజం షెడ్డులో నిజం నీళ్ళ మీద చేసి చూపిస్తానని ఎగిరిపడ్డాను. మా గైడు కూడా సంబరపడ్డాడు. అట్లా మామ షెడ్డుకు చేరాను.

షెడ్డు వెనక రెండు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టి వాటి నిండా నా రవ్వ నింపాం. జాడించిన నీళ్ళు పైన పోస్తే కింద సన్నగా కారేవి. మొదటి సీసా పట్టుకుని యూనివర్సిటీకి పరుగెత్తి యంత్రంలో పెట్టి చూశాను. నికెల్ దాదాపు లేదు. ఎగిరి గంతేశాను. మామ షెడ్డంతా జిలేబీలు పంచాడు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా సీసా ఎండకెత్తి చూసి, భేష్ అని రాసుకుని పోయాడట. ఆ నెల నుంచి కాలవలో పోయేవి మంచి నీళ్ళే. ఇప్పటికీ ఆ విషయంలో నేను అబద్ధమాడలేదు.

పెద్దమ్మ ఒకరోజు గట్టు దాటి వచ్చి గొట్టాల ముందు గొంతుక్కూర్చుంది. నేను రవ్వ కడుగుతున్నాను. కింది డ్రమ్ములోకి చిక్కటి ఆకుపచ్చ ద్రవం పడుతోంది, మామ తొట్టిలో ఉండే రంగే.

"ఏమి పాపా, ఇసమంతా ఈ నల్లరవ్వ మింగేస్తాదా?"

"మింగదు పెద్దమ్మా, పట్టుకుంటుంది. నిండాక ఇట్లా కడిగేస్తాం. మళ్ళీ వాడుకోవచ్చు."

"కడిగిన నీల్లు?"

"ఈ డ్రమ్ములో పెడతాం."

"డ్రమ్ము నిండినాక?"

నేను నవ్వాను. "నువ్వు నా వైవాకు రావాలి పెద్దమ్మా, ఆ ప్రొఫెసర్లకంటే నువ్వే నయం" అన్నాను. ఆమె కూడా నవ్వింది. జవాబు మాత్రం నేను చెప్పలేదు, ఎందుకంటే నా దగ్గర లేదు. లేకపోవడం కూడా కాదు. సున్నం కలిపితే నికెల్ ముద్దలా అడుగున చేరుతుంది, ఆ ముద్దను ఎండబెట్టి మూట కట్టి, ఇట్లాంటి వ్యర్థాలు తీసుకునే చోటికి పంపాలి. ఏ ఎమ్మెస్సీ విద్యార్థిని అడిగినా చెప్తుంది. నా థీసిస్‌లో దాని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఊడివచ్చిన లోహాన్ని తిరిగి రాబట్టుకోవచ్చని. ఎవరు రాబడతారో, ఎక్కడ రాబడతారో రాయలేదు. ఆ వాక్యం కూడా ఇంకొకరి థీసిస్ చూసి రాసుకున్నదే.

మామ మూడుసార్లు ఫోను చేశాడు. "పాపా, డ్రమ్ములు నిండిపోతా ఉండాయి. ఏమి సేయల్ల?"

"వచ్చే వారం వచ్చి చెప్తా మామా. కాలవలో మాత్రం పోయొద్దు. చేన్లోకి మాత్రం వదలొద్దు."

వచ్చే వారం నాకు కాన్ఫరెన్సు. తర్వాతి వారం చాప్టర్లు దిద్దడం. ఆ తర్వాత మామ అడగడం మానేశాడు. అడగడం లేదంటే ఏదో సర్దుకున్నాడులే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, అసలు ఆ డ్రమ్ముల సంగతి గాలికి వదిలేశాను. థీసిస్ ఇచ్చేశాను.

కొన్ని నెలలకు పరీక్షకుల నివేదికలు వచ్చాయి. అన్నీ మెచ్చుకోళ్ళే. ఒకాయన మాత్రం, ఇన్నాళ్ళు వాడాక కూడా రవ్వ పనిచేస్తోందా, కొత్త రీడింగులు తీసి వైవాలో చూపించండి అన్నాడు. సరే అని షెడ్డుకు పోయి గొట్టాల నీళ్ళు పట్టుకున్నాను. పోల్చి చూసుకోవడానికి మొదట్లో చేసినట్టే ఒక మంచి నీళ్ళ నమూనా కూడా కావాలి. అంతకంటే మంచి నీళ్ళు ఆ చుట్టుపక్కల ఎక్కడున్నాయి? పెద్దమ్మ బోరు నుంచి ఒక సీసా పట్టుకున్నాను. పని మొదలుపెట్టినప్పుడు అదే బోరు నీళ్ళలో నికెల్ జాడ కూడా లేదు.

ఈసారి ఉంది.

సీసా కడగలేదేమో అనుకున్నాను. కొత్త సీసాలు ఆసిడ్‌లో నానబెట్టి, కడిగి, మళ్ళీ పోయి పట్టుకొచ్చాను. ఉంది. యంత్రం పాడైందేమో అని డిస్టిల్డ్ వాటర్ పెట్టి చూశాను. దాంట్లో లేదు. ఇంకోసారి బోరు నీళ్ళు పెట్టాను. ఉంది. గొట్టాల నుంచి దిగిన నీళ్ళకంటే పెద్దమ్మ తాగే నీళ్ళలోనే ఎక్కువ ఉంది. అప్పటికప్పుడు ఆటో ఎక్కి షెడ్డుకు పోయాను.

"మామా, డ్రమ్ములేవి?"

"ఏ డ్రమ్ములు? అవా? ఖాళీ సేసి పెట్టిండా. సూడు, ఎంత శుద్ధంగా కడిగిపెట్టినానో."

"యాడ పోసినావు?" నాకూ ఊరి మాటే వచ్చింది.

షెడ్డు పక్కకు తీసుకుపోయి చూపించాడు. ఆ స్థలం కొన్న కొత్తలో ఆయన వేయించిన బోరు. ఆరు వందల అడుగులు దిగినా దుమ్ము తప్ప నీటి చుక్క రాలేదు. దాని చుట్టూ చక్కగా గుంత తీసి, కంకర పరిచి, పైన ఇసుక పోసి పెట్టాడు. ఎండిన బోర్లలోకి వాననీళ్ళు మళ్ళించడం మా వైపు అందరూ చేసే పనే. ఎప్పటికైనా భూమిలో ఊట పెరుగుతుందని, బోరుకు మళ్ళీ ప్రాణం వస్తుందని ఆశ. మామ కంకర గుంత ఎంత ముద్దుగా చేసుకున్నాడంటే, ఎవరైనా చూస్తే ఫోటో తీసుకుంటారు. కంకర మాత్రం పచ్చగా ఉంది.

"ఇందులోనా?"

"ఇంగ యాడ పోసేది పాపా? కాలవలో పోయొద్దంటివి. సేన్లో వదలొద్దంటివి. నా నెత్తిన పోసుకుందునా? ఆరు నూర్ల అడుగులు. పాతాళానికి పోయిండాది అది. ఎవురికి తగుల్తాది?"

"ఎన్ని డ్రమ్ములు మామా?"

"లెక్క పెట్టినానా నేను? నిండినప్పుడల్లా పోసినా."

అక్కడినుంచి పెద్దమ్మ బోరు కనిపిస్తూనే ఉంది. ఎట్లా నడిచినా నూరు అంగలు కూడా ఉండవు. ఒకరు కొత్త బోరు వేస్తే పక్కవాడి బోరు ఎండిపోయి, కర్రలు పట్టుకుని, కోర్టుల దాకా పోయే నేల మాది. కింద బండల్లో నెర్రెలు కలిసి ఉంటాయని మా వైపు తెలియనివాళ్ళు లేరు. మామకూ తెలుసు. తోడేటప్పుడు అందరికీ గుర్తుండే ఆ సంగతి పోసేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. మామను తిట్టడానికి నోరు తెరిచాను కానీ తిట్టు రాలేదు. ఆయన మూడుసార్లు అడిగాడు కదా.

ఆయనకు పెద్దమ్మ బోరు నీళ్ళలో నికెల్ ఉందని చెప్పాను. గుంత పక్కనే కూలబడ్డాడు. "అయ్యో, ఎంత పని సేస్తిని. అక్కకు తెలిస్తే నన్ను నిలువునా పాతిపెడతాది. షెడ్డు మూపించేస్తారు పాపా" అని తల పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే సున్నం తెప్పించి, అప్పుడే గొట్టం కడిగిన నీళ్ళలో ఎట్లా కలపాలో, అడుగున చేరిన ముద్దను ఎట్లా తీసి ఎండబెట్టాలో చేసి చూపించాను. కలపడం పది నిమిషాల పని. ఏడాదిగా చెప్పకుండా దాచుకున్న మహా రహస్యం అదే మరి! ఆ రోజు నుంచి గుంతలో ఒక్క చుక్క పోయలేదు. పోసింది మాత్రం లోపలే ఉంది.

గట్టు దాటి పెద్దమ్మకు చెప్పాలి. అంతే చేయాల్సింది. ఆమె అప్పుడు ఆవులకు కుడితి పెడుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను కూడా చెయ్యి ఊపి ఆటో ఎక్కేశాను.

మా గైడు మంచివాడే. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి. సంగతంతా విని, చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి, ఇట్లా అన్నాడు. "చూడమ్మా, నీ థీసిస్‌లో ఉన్న బోరు రీడింగు మొదట్లో తీసింది. అది అబద్ధం కాదు కదా. వైవాకు గొట్టాల రీడింగులు చూపించు, చాలు. రెండు వారాలే. అయిపోయాక నువ్వే పోయి పెద్ద మనసుతో చెప్పు. ఇప్పుడు చెప్తే ఆమె ఊరంతా చెప్తుంది, పేపర్లో వస్తుంది, నీ అయిదేళ్ళు బూడిదైపోతాయి."

నేను ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. బయటికి వచ్చి మాత్రం రెండు వారాలే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గైడు మీద నెట్టేయడం సులువు, చాలాకాలం అట్లాగే నెట్టాను కూడా. కానీ పెద్దమ్మకు పూచీ ఇచ్చింది ఆయన కాదు.

ఆ రెండు వారాలు ఎట్లా సాగాయో చెప్తే తిరుపతిలో చదివినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. మా ఊళ్ళో వైవా అంటే బయటి రాష్ట్రం నుంచి వచ్చే ప్రొఫెసరు గారికి కొండ మీద దర్శనం కూడా. టికెట్లు, గది, కారు, అన్నీ విద్యార్థే చూసుకోవాలి. ఎవరూ అడగరు, ఎవరూ మానరు. నాకు వచ్చిన పెద్దాయన మనవడికి గుండు మొక్కు ఉందట. కుటుంబమంతా వస్తారు, ఏడుగురు. ఏడుగురికీ ఒకేరోజు దర్శనం దొరకాలి, దొరికిన రోజే వైవా. ఒకసారి టికెట్లు దొరకలేదు. ఒకసారి దొరికితే ఆయన కోడలికి సెలవు దొరకలేదు. ఒకసారి పిల్లవాడికి జ్వరం. తేదీ జరిగిన ప్రతిసారీ నా నోటి తాళం కూడా జరిగింది. నేను సిఫారసు ఉత్తరాల కోసం ఎండలో తిరుగుతూ ఉంటే, అక్కడ ఆ నీళ్ళు తాగుతూనే ఉన్నారు.

తాగుతున్నది పెద్దమ్మ ఒక్కతే కాదు. ఆమె కూతురు శ్రీమంతం చేయించుకుని మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది.

ఒకసారి ఉండబట్టలేక పోయాను. సగం మంచి పని చేసి వచ్చేద్దామని. పెద్దమ్మ కూతురికి సంగటి, వేరుశనగ ఊరిబిండి పెడుతోంది. కడుపుతో ఉన్న పిల్ల చెంబెత్తి గటగటా నీళ్ళు తాగింది. నేను నీళ్ళు నములుతూ, "పెద్దమ్మా, కాన్పు అయ్యేదాకా క్యాను నీళ్ళు తెప్పించుకుంటే మంచిదేమో, డాక్టర్లు అట్లా చెప్తున్నారు" అన్నాను.

పెద్దమ్మ పగలబడి నవ్వింది. "క్యాను నీల్లా? సప్పగా, సచ్చినట్టుంటాయి అవి. ఊరంతా మా బోరు నీల్లకు వస్తా ఉంటే మేము క్యాను కొనుక్కుందుమా? ఏమే, నువ్వే గదా మా బోరును కాపాడినది. నీకే నమ్మకం లేదా?"

కూతురు కూడా నవ్వింది. పెద్దమ్మ నవ్వుతూనే మణికట్టు గోక్కుంది. చేతివేళ్ళ సందుల్లో ఎర్రగా దద్దుర్లు. కొత్త సబ్బు పడలేదని చెప్పింది. నికెల్ పడకపోతే చర్మం అట్లాగే అవుతుందని నాకు తెలుసు. సబ్బు వల్ల కూడా అట్లాగే అవుతుంది. నేను సబ్బునే నమ్మాలని ఎంత గట్టిగా కోరుకున్నానో! "అవును పెద్దమ్మా, సబ్బు మార్చు" అని లేచి వచ్చేశాను.

ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మే ఫోను చేసింది. "బంగారు బొమ్మ మాదిరి ఉండాది పాపా. రాగి అండాలో మా బోరు నీల్లు కాంచి, యాపాకు వేసి, దినామూ నేనే పోస్తా ఉండా. సూడ్డానికి రావా?"

"వైవా ఉంది పెద్దమ్మా. అయిన మర్నాడే వస్తా."

"సదువు ముందు. పో, బాగా రాయి." వైవా అంటే రాసే పరీక్ష అనుకుంది.

చివరికి గంగజాతరకు ముందు వారం అందరికీ అన్నీ కుదిరాయి. రీడింగు చూసినరోజు నుంచి నలభై రోజులు దాటాయి. వైవా ముప్పావు గంటలో ముగిసింది. పెద్దాయన మధ్యలో రెండుసార్లు గడియారం చూశాడు, మధ్యాహ్నం కొండెక్కాలి కదా. నా రవ్వను ఎన్నిసార్లు తిరిగి వాడవచ్చని అడిగాడు. అయిదుసార్లు అని చెప్పి, బొమ్మలో మెట్లు మెట్లుగా ఉన్న గీతలు చూపించాను. చాలా ఉపయోగకరమైన పని, సమాజానికి అవసరమైన పని అన్నాడు. చప్పట్లు కొట్టారు. సమోసాలు, టీ. మర్నాడు పొద్దున రైలెక్కబోతూ పిల్లవాడి నున్నటి గుండు నిమిరి, నా చేతిలో ఒక లడ్డు పెట్టి, గాడ్ బ్లెస్ యూ డాక్టర్ అన్నాడు. నన్ను మొదట డాక్టర్ అన్నది ఆయనే.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. బోరు మోటారు పీకేసి పైన రేకు పెట్టి వెల్డింగు చేసేశారు. ఇప్పుడు పెద్దమ్మ ఇంటికి ట్యాంకరు వస్తుంది. చామంతి తోట లేదు, ఆవులను అమ్మేసింది. మామ షెడ్డు మూసేసి, ఇంకో చోట మెషిన్ పనికి కుదిరాడు. ఆయనకూ పెద్దమ్మకూ మాటల్లేవు. తప్పంతా తనదేనని ఆమె ముందు ఒప్పుకుని, డ్రమ్ములను ఏం చేయాలో నేను చెప్పకుండా తప్పించుకు తిరిగానన్న ఒక్క మాట కూడా ఆమెతో అనలేదు, మేనకోడల్ని కదా. నేను ఒక ప్రైవేటు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్తున్నాను. నా పేపరును ఇప్పటికీ ఎవరెవరో ప్రస్తావిస్తూ ఉంటారు. చౌక, పర్యావరణానికి మేలు. పాప బడికి పోతోంది, బాగానే ఉందని చెప్తారు. బాగానే ఉందని నేనూ నమ్ముతాను. నమ్మక ఏం చేస్తాను?

ఆ పెద్దాయనను రైలెక్కించి నేరుగా పెద్దమ్మ ఇంటికే పోయాను. ఆమె కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. ఆగమన్నాను. చెంబు చేతిలోంచి లాక్కున్నాను. ఆమె నావైపు వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. అక్కడే తడి నేల మీద కూర్చుని చెప్పాను. గొట్టాలు కడిగిన నీళ్ళు, ఎండిన బోరు, కింద నెర్రెలు, బోరు నీళ్ళలో కనిపించిన నికెల్, అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఏడుపు నిజమే.

పెద్దమ్మ పాపను తుండుగుడ్డలో చుట్టి గుండెకు పొదువుకుంది. కూతురు వాకిట్లో నిలబడి వింటోంది. పాప మోచేతుల మడతల్లో ఎర్రటి పొక్కులున్నాయి. పెద్దమ్మ వాటి మీద వేలు పెట్టి చూసింది.

"ఇవి దాని వల్లేనా?"

"తెలియదు పెద్దమ్మా. చెమటకాయలు కావచ్చు. పెద్దాసుపత్రిలో చూపిద్దాం, నేనూ వస్తా."

"కడుపులో ఉన్నప్పుడు కూడా ఇది ఆ నీల్లే గదా తాగింది." అది నన్ను అడగలేదు, తనలో తాను అనుకుంది. తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "నీకెప్పుడు తెలిసింది పాపా?"

నలభై రోజులని చెప్పడానికే పోయాను. దేవుడి మీద ఒట్టు, దారిపొడుగునా ఆ మాటే అనుకుంటూ పోయాను. వాకిట్లో ఆ పిల్ల నిలబడి ఉంది, పచ్చి బాలింత, చెవులకు గుడ్డ కట్టుకుని.

"నిన్ననే" అన్నాను.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. కూతురి వైపు తిరిగింది.

"సూస్తివా? నిన్న తెలిసింది, ఈ పొద్దు పరిగెత్తుకోని వచ్చినాది. ఆ షెడ్డోని మాదిరి దాసిపెట్టుకోలే. తోడబుట్టినోల్లు కూడా ఇట్ల రారు ఈ కాలంలో." నా తల మీద చెయ్యి పెట్టింది, వేళ్ళ సందుల్లో దద్దుర్లున్న చెయ్యి. "ఏడవొద్దు తల్లీ. నువ్వేమి సేస్తావు? నీ వల్లనే గదా ఇప్పుడైనా తెలిసింది."

పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది కూడా నీ మాదిరి సదువుకోవల్ల" అంది.

పాప వెచ్చగా ఉంది, ఇంకా తల తడిగా ఉంది. నేను కాదనలేదు. ఆ రోజు కాదనలేదు, తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కరోజూ కాదనలేదు.